క్యాడీ లేని రోజు

విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో నాకు గోల్ఫ్ నేర్పింది కోచ్ కాదు, బ్యాగ్ మోసే క్యాడీ. నేను అడక్కముందే క్లబ్ తీసి చేతిలో పెట్టేవాడు. "ఏడు వద్దు సార్, ఆరు కొట్టండి. సముద్రం గాలి ఉంది." హోల్ చుట్టూ ఉండే నున్నటి గ్రీన్ మీదికి వెళ్ళాక మోకాళ్ళ మీద కూర్చుని, హోల్‌కి జానెడు పక్కన వేలితో చూపించి, "ఇక్కడికి పంపండి చాలు" అనేవాడు. నేను పంపేవాణ్ణి. లోపల పడితే నా గొప్ప. పడకపోతే అతని వైపు ఓ చూపు చూసేవాణ్ణి. యాభై దాటాక మొదలుపెట్టిన ఆట. పదకొండేళ్ళు ఇలాగే ఆడాను. నా స్థాయి చెప్పే హ్యాండిక్యాప్ ఎంత అని ఎవరైనా అడిగితే చెప్పే అంకెలో సగం అతనిదేనని నాకు తట్టనే లేదు.

తట్టింది ఇంగ్లండ్‌లో.

మా అమ్మాయి, అల్లుడు క్రాలీలో ఉంటారు, గాట్విక్ విమానాశ్రయం పక్కన. మనవడి సెలవులని ఆగస్టులో వెళ్ళాం. ఒక రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి అంది: "నాన్నా, నీ పుట్టినరోజుకి ఒక రోజు గోల్ఫ్ నా లెక్క. ఎక్కడ ఆడతావో నువ్వే చూసి చెప్పు." అంతే, నేను ఫోన్ పట్టుకుని మంచమెక్కాను. లండన్ చుట్టూ హీత్‌లాండ్ కోర్సుల పేర్లు వరసగా వచ్చాయి. సన్నింగ్‌డేల్, స్విన్లీ ఫారెస్ట్, వాల్టన్ హీత్, సెయింట్ జార్జెస్ హిల్. ఒక్కో జాబితాలో ఒక్కో వరస, పేర్లు మాత్రం అవే. వాటి ఫీజుల్ని రూపాయల్లోకి మార్చి చూశాక నిద్ర పట్టలేదు. అమ్మాయి ఇచ్చేస్తుంది, మాట్లాడదు. కానీ ఆ డబ్బుతో నేను కొనబోయేది ఆట కాదనీ, విశాఖ వెళ్ళాక క్లబ్‌లో చెప్పుకోవడానికి ఒక పేరనీ నాకు లోలోపల తెలుసు.

మర్నాడు ప్రాక్టీస్ రేంజ్‌లో పక్క మ్యాట్ మీద ఒక పెద్దాయన బంతులు కొడుతున్నాడు. ఈ చుట్టుపక్కల మంచి కోర్సు ఏదని అడిగాను. ఆయన కూడా ఆ పేర్లే చెప్పాడు, బడిపిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు. సరేనని ఇటు తిరిగి, మళ్ళీ ఎందుకో అటు తిరిగి అడిగాను: "మీ పుట్టినరోజున మీరెక్కడ ఆడతారు?" ఈసారి ఆలోచించలేదు. "ఆష్‌డౌన్ ఫారెస్ట్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మొహం మారింది. నేను నమ్మింది ఆ మారిన మొహాన్ని.

ఈ అధ్యాయంలో మీరు గుర్తుపెట్టుకుని వాడుకోవలసిన పనిముట్టు ఏదైనా ఉంటే అది ఆ రెండో ప్రశ్న. "ఏది మంచిది?" అంటే మనిషి లోకం మాట చెబుతాడు. "మీరేం చేస్తారు?" అంటే తన మాట చెబుతాడు. ఊరు కాని ఊళ్ళో భోజనం దగ్గర మనమంతా ఇది చేస్తూనే ఉంటాం. "ఇక్కడ మంచి హోటలేది?" అని కాక "మీరెక్కడ తింటారు?" అని ఆటో అతన్ని అడుగుతాం. పూట భోజనం దగ్గర ఉన్న ఈ తెలివి జీవితకాలపు విషయాల దగ్గర ఏమవుతుందో తెలియదు. సాఫ్ట్‌వేర్ శిక్షణకని అమీర్‌పేటలో దిగి "ఇప్పుడు ఏ కోర్సు నడుస్తోంది?" అని అడిగి, ఆ నడిచే దాని వెనకాల నడిచినవాళ్ళు ఎంతమంది! నేనూ అంతే. మా అమ్మాయిని ఇంజనీరింగ్‌లో చేర్చేటప్పుడు ఏ బ్రాంచ్ నడుస్తోందని మా ఆఫీసులో నలుగురిని అడిగాను. అమ్మాయిని అడగలేదు.

సరే, ఆష్‌డౌన్ దగ్గరికి వద్దాం.

రాయల్ ఆష్‌డౌన్ ఫారెస్ట్ గోల్ఫ్ క్లబ్ తూర్పు ససెక్స్‌లో ఫారెస్ట్ రో అనే ఊరి అంచున ఉంది. ఒకప్పుడు ఊళ్ళోకే రైలు వచ్చేది, 1967లో ఆపేశారు. అప్పట్లో పట్టాలున్న దారిలో ఇప్పుడు సైకిళ్ళు తిరుగుతాయి. లండన్ విక్టోరియా నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌కి రైల్లో గంటలోపు ప్రయాణం, అక్కణ్ణుంచి మూడు మైళ్ళు బస్సో టాక్సీయో చూసుకోవాలి. మేం కార్లో వెళ్ళాం. నన్ను దించేసి అమ్మాయి వాళ్ళు మనవణ్ణి తీసుకుని హార్ట్‌ఫీల్డ్ వైపు వెళ్ళిపోయారు. 1926లో వచ్చిన 'విన్నీ ది పూ' కథలు ఎ.ఎ. మిల్న్ రాసింది ఆ అడవి చూసే. మనవడికి ఆ ఎలుగుబంటి బొమ్మంటే ప్రాణం. వంతెన మీంచి పుల్లలు వేసి, ఎవరి పుల్ల ముందు అవతలికి వస్తుందో చూసే ఆట ఆడాలని వారం నుంచి గొడవ చేస్తున్నాడు. ఇంట్లో ఒకరికే సరదా అయిన చోటికి మిగతావాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళేటప్పుడు, వాళ్ళకీ అక్కడేదో ఒకటి దొరికేలా చూసుకోండి. లేకపోతే పద్నాలుగో హోల్ దగ్గర ఫోన్ మోగుతుంది.

హీత్ అన్నదానికి మన భాషలో అతికే మాట లేదు. బీడు అందామంటే పచ్చగా ఉంటుంది, అడవి అందామంటే చెట్లు తక్కువ. ఆమ్లగుణం ఉన్న ఇసుక నేల, సారం లేదు, పంటకి పనికిరాదు. దాని మీద మోకాలెత్తున హెదర్ పొదలు, ముళ్ళ గోర్స్, బ్రాకెన్ ఫెర్న్, అక్కడక్కడ బిర్చ్ చెట్లు, స్కాట్స్ పైన్ చెట్లు. నేను వెళ్ళింది హెదర్ పూసే రోజుల్లో. కొండవాలు మొత్తం లేత వంకాయ రంగు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్కో పువ్వు మిరపగింజంత కూడా లేదు. ఇన్ని చిన్న పువ్వులు కలిసి అంత పెద్ద రంగు ఎలా తెచ్చాయో! గోర్స్ పసుపుపచ్చ పువ్వు ఒకటి తుంచి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. కొబ్బరి! మా అమ్మ లస్కోరా ఉండలకి కొబ్బరి కోరుతున్నప్పటి వాసన, ససెక్స్ గుట్ట మీద.

చూస్తే సృష్టి మొదటి రోజు నుంచీ ఇలాగే ఉన్నట్టుంటుంది గానీ, హీత్‌ని చేసింది మనుషులు. చెట్లు కొట్టి, పశువుల్ని మేపి, పొదలు కోసి, తగలబెట్టి, తరతరాలుగా వాడుకుంటూ వచ్చారు. ఆ వాడకమే దాన్ని హీత్‌గా నిలిపింది. వాడకం ఆపేస్తే కొన్నేళ్ళలో బిర్చ్ మొలకలు కమ్ముకుని మామూలు అడవి అయిపోతుంది. అందుకే ఇప్పటికీ గొర్రెల్ని, ఎక్స్‌మూర్ గుర్రాల్ని తెచ్చి మేపుతారు.

ఆష్‌డౌన్ ఫారెస్ట్ సుమారు 6,500 ఎకరాలు. అందులో సగానికి పైగా హీత్. మధ్యయుగంలో రాజుల జింకల వేట. తర్వాత ఇనుము కాలం: 1496 నాటికే అడవి అంచున న్యూబ్రిడ్జ్‌లో ఇనప ఖనిజం కరిగించే కొలిమి ఉండేది. కానీ చుట్టుపక్కల రైతులకి అడవితో ఉన్న సంబంధం మన ఊళ్ళలో మేత పోరంబోకుతో ఉన్నలాంటిది. పశువుల్ని తోలుకోవచ్చు, కొట్టంలో పరుపుకి బ్రాకెన్ కోసుకోవచ్చు. 19వ శతాబ్దంలో అడవి యజమాని అయిన ప్రభువు, డి లా వార్ ఎర్ల్, ఆ కోత హక్కు మీకు లేదన్నాడు. కోర్టులకెక్కారు, ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 1885లో చట్టం వచ్చి, అడవిని కాపాడటానికి కన్సర్వేటర్లు అనే సంఘం ఏర్పడింది. మూడేళ్ళ తర్వాత, 1888 క్రిస్మస్ ముందురోజు, గోల్ఫ్ క్లబ్ పుట్టింది. 1893లో విక్టోరియా రాణి పేరు ముందు 'రాయల్' చేర్చుకోనిచ్చింది. అయినా క్లబ్ హోదా అతిథి హోదాయే. నేల తనది కాదు. తవ్వడానికి, దిబ్బలు పోయడానికి, రూపం మార్చడానికి వీల్లేదు.

కాబట్టి ఈ కోర్సులో ఒక్క ఇసుక బంకర్ కూడా లేదు.

గోల్ఫ్ ఆడనివాళ్ళకి ఇది ఎంత వింతో చెప్పాలి. బంకరంటే ఇసుక నింపిన గుంట, బంతి అందులో పడితే తీయడం కష్టం. లోకంలో ఏ పేరున్న కోర్సు ఫొటో చూసినా ముందు కనిపించేది పచ్చటి గడ్డిలో తెల్లటి ఆ గుంటలే. అవి లేకపోతే ఆట తేలికవుతుందని నేనూ అనుకున్నాను. రేంజ్ పెద్దాయనతో ఆ మాటే అంటే నవ్వి ఊరుకున్నాడు.

ఎందుకు నవ్వాడో రెండో హోల్లో తెలిసింది. బంకర్ ఇబ్బందే గానీ, అది సైన్‌బోర్డు కూడా. "ఇటు రాకు, అటు వెళ్ళు" అని రెండొందల గజాల దూరం నుంచే అరిచి చెబుతుంది. గ్రీన్ ఎంత దూరమో, ఏ పక్కన చోటుందో మన కంటికి కొలత అందిస్తుంది. అది లేని చోట పచ్చదనం పచ్చదనంలో కలిసిపోతుంది. ఎక్కడ వాలుందో, ఎక్కడ గడ్డి గుంట దాక్కుందో, గ్రీన్ ముందు ఇరవై గజాలున్నాయో నలభై ఉన్నాయో తెలియదు. ఆష్‌డౌన్‌లో అడ్డంకులన్నీ ఉన్నాయి: వాగులు, వంకలు, హెదర్, గడ్డి కప్పిన పల్లాలు. అడ్డంకి అని ఏదీ పేరు రాసి పెట్టుకుని కూర్చోలేదు.

ముందుగా చేసుకోవలసిన పనులు చెప్పి మళ్ళీ ఆటలోకి వెళతాను. ఇంగ్లండ్‌లో ఇలాంటివి చాలావరకు సభ్యుల క్లబ్బులే అయినా బయటివాళ్ళని ఆడనిస్తారు. వారం మధ్యలో సులువు, శని ఆదివారాలు కష్టం. మధ్యాహ్నం పైన ట్వైలైట్ రేటు తక్కువ ఉంటుంది. ఆగస్టులో రాత్రి ఎనిమిది దాకా వెలుతురే కాబట్టి మనకి పోయేదేమీ లేదు. ముందే ఫోన్ చేసి మాట్లాడితే మంచిది, అద్దె క్లబ్బులు ఉన్నాయో లేదో అప్పుడే అడగొచ్చు. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ ఫోన్లో ఉంచుకోండి. 2020 నుంచి దేశాలన్నిటికీ ఒకే హ్యాండిక్యాప్ విధానం వచ్చింది కనుక మన దగ్గరి అంకె అక్కడా అర్థమవుతుంది. కాలరున్న చొక్కా, జీన్స్ కాని ప్యాంటు, వాన కోటు. వాన కోటు మర్చిపోతే వాన తప్పకుండా వస్తుంది, అది అక్కడి ధర్మం. నడక ఆరు మైళ్ళకి అటూ ఇటూ, ఎత్తుపల్లాలు. నెల ముందు నుంచీ నడవండి. అన్నిటికన్నా ముఖ్యం, క్యాడీ ఉండడు. బ్యాగ్ భుజానికేసుకోవాలి, లేదంటే ట్రాలీ లాక్కోవాలి.

నన్ను ఒక సభ్యుడితో జత కలిపారు. డెబ్బై దాటిన మనిషి, సన్నటి బ్యాగ్, అందులో లెక్కపెడితే ఎనిమిది క్లబ్బులు. నా బ్యాగ్‌లో నిబంధన ఒప్పుకున్న పద్నాలుగూ ఉన్నాయి. నాలుగో హోల్లో నాకు అనుమానం వచ్చింది, గ్రీన్ దగ్గర్లో ఉందా దూరంలో ఉందా అని. అలవాటుగా పక్కకి తిరిగి "ఏది కొట్టమంటారు?" అన్నాను. ఆయన మర్యాదగానే అన్నాడు: "ఆట అయిపోయాక టీ తాగుతూ చెబుతాను."

నాకు మొదట చురుక్కుమంది. తర్వాత గుర్తొచ్చింది, అది మొరటుతనం కాదు, నిబంధన. గోల్ఫ్‌లో ఆట నడుస్తుండగా ఏ క్లబ్ కొట్టాలని నీ క్యాడీని అడగొచ్చు, జట్టు ఆటైతే నీ జతగాణ్ణి అడగొచ్చు. ఇంకెవర్నీ అడగకూడదు, అడిగితే రెండు షాట్ల శిక్ష. సరదా ఆటలో ఎవరూ పట్టించుకోరు, ఈయన పట్టించుకునే రకం. పదకొండేళ్ళుగా నేను ఏ ప్రశ్న అయినా అడగగలిగింది పక్కన ఒక మనిషికి డబ్బిచ్చి పెట్టుకున్నాను కాబట్టేనని ఆ క్షణంలో అర్థమైంది. టీ వేళకి ఇంకా పద్నాలుగు హోల్స్ ఉన్నాయి.

ఆ హోల్లోనే హెదర్ నాకు బడి పెట్టింది. బంతి గడ్డి కోసి ఉంచిన ఫెయిర్‌వే దాటి ఒక మూర దూరంలో, పూలలో, పైకి కనబడుతూనే ఉంది. దొరకడమే అదృష్టం. 2019 నుంచి వెతకడానికి మూడు నిమిషాలే సమయం మరి. గ్రీన్ నూట అరవై గజాలు ఉంటుందనిపించి ఐదో నంబర్ ఐరన్ తీశాను. కొట్టాను. క్లబ్ సగం దారిలో ఎవరో చెయ్యి పట్టుకుని ఆపినట్టు ఆగింది. బంతి ఒక అడుగు ఎడమకి దొర్లి ఇంకా లోపలికి కూరుకుపోయింది. మళ్ళీ కొట్టాను, అరగజం. మూడోసారి పళ్ళు బిగించి కొట్టాను. బంతి కదల్లేదు గానీ, పూలు మాత్రం ఎగిరి నా చొక్కా మీద పడ్డాయి. నాలుగోసారికి బయటపడింది, ఫెయిర్‌వే మీదకి కాదు, అవతలి హెదర్‌లోకి. నాతో ఆడుతున్న పెద్దాయన ఈలోగా చెట్ల వైపు తిరిగి పక్షుల్ని చూస్తున్నాడు. అది కూడా మర్యాదేనని ఇప్పుడనిపిస్తోంది. ఎదుటివాడు పరువు పోగొట్టుకుంటున్నప్పుడు అటు తిరిగి నిలబడటం.

కార్డు మీద తొమ్మిది వేసుకున్నాను.

ఆ తొమ్మిది తర్వాతే చూడటం మొదలుపెట్టాను. అంతవరకూ నేను చూసింది జెండాని. ఇప్పుడు పాదాల కింద నేలని చూశాను. ఇసుక నేల కదా, ఎంత వాన పడ్డా నీరు ఇంకిపోతుంది, పైన గట్టిగా ఉంటుంది. 19వ శతాబ్దం చివర ఇంగ్లండ్ గోల్ఫర్లు ఊళ్ళ మధ్య బంకమట్టి మైదానాల్లో చలికాలమంతా బురదలో ఆడి విసిగిపోయి హీత్‌కి రావడానికి కారణమిదే. సముద్రపు ఒడ్డు ఇసుకలో ఆడినట్టే ఇక్కడా ఆడొచ్చని తెలిసింది. రైతు పనికిరాదని వదిలేసిన నేల, ఆటకి పనికొచ్చింది. గట్టి నేల మీద బంతి పడి ఆగదు, దొర్లుతుంది. అంటే గాల్లో లేపి జెండా పక్కన దించాలని చూడటం తెలివితక్కువ. ముప్పై గజాల ముందు దించి వాలు మీద దొర్లనివ్వాలి. నా చేత క్యాడీ ఎన్నడూ కొట్టించని షాట్ అది. మన గడ్డి మెత్తన, అక్కడ ఆ అవసరం రాలేదు. రెండు హోల్స్ తప్పులు చేశాక చెయ్యి దారికొచ్చింది.

మధ్యలో బాట దాటుతూ ఒక ఆవిడ కుక్కతో వచ్చింది. మేం ఆగాం. అడవి జనానిది, ఎవరైనా నడవొచ్చు, మన షాట్ ఆగాలి. బంతి ఎటన్నా మనుషుల వైపు వెళితే సిగ్గుపడకుండా "ఫోర్!" అని గొంతెత్తి అరవండి. నేను మొదటిసారి సణిగాను, పెద్దాయన నా బదులు అరిచాడు. హెదర్‌లో నేల మీదో, నేలకి దగ్గరగా పొదల్లోనో గూళ్ళు కట్టే పక్షులున్నాయి, నైట్‌జార్, డార్ట్‌ఫర్డ్ వార్బ్లర్. రక్తపింజరికి దూరపు చుట్టం లాంటి విషప్పాము యాడర్ కూడా ఉంటుందట, నాకైతే కనిపించలేదు. బంతి కోసం పొదల్లో చేతులు పెట్టకుండా క్లబ్‌తో కదపడం మేలు.

ఆరో హోల్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఐలండ్ అంటారు దాన్ని. చిన్న హోల్, 125 గజాల ప్రాంతం. మొదటి దెబ్బ కొట్టే టీ మీద నిలబడితే గ్రీన్ ఎదురుగా ఉంటుంది, మధ్యలో వాగు, చుట్టూ నేల కిందకి జారిపోతుంది. బంతి గ్రీన్ మీద ఆగాలి, లేదంటే ఏదో ఒక పల్లంలోకి పోవాలి. ఇసుక గుంట లేకుండా, ఉన్న వాగునీ ఉన్న వంకనీ అలాగే ఉంచి, గ్రీన్ ఎక్కడ పెట్టాలో ఎవరో ఒకరోజు చూసి తేల్చిన హోల్ అది. డబ్బు పోసి చేసిన హోల్స్ నేను చూశాను. ఇంత భయపెట్టినవి లేవు.

టీ మీద ఒక నిమిషం ఊరికే నిలబడ్డాను. జెండా గుడ్డ వేలాడుతోంది, గాలి లేనట్టే. పైకి చూస్తే పైన్ చెట్ల కొనలు మా వైపుకి ఊగుతున్నాయి. అంటే కింద పల్లంలో గాలి లేదు, బంతి వెళ్ళే ఎత్తులో ఉంది. పిచింగ్ వెడ్జ్ మీద చెయ్యి వేసి, వదిలి, తొమ్మిదో నంబర్ తీశాను. "తొమ్మిదేనా సార్?" అని విశాఖ గొంతు లోపల వినిపించింది. అవును, తొమ్మిదే. బంతి లేచి, పైన ఒక క్షణం గాలికి తటపటాయించి, గ్రీన్ వెనక భాగంలో దిగి ఆగింది. హోల్లో వేయడానికి మూడు పట్‌లు పట్టాయి. కార్డు మీద నాలుగు. చెప్పుకోవడానికి ఏమీ లేని స్కోరు. రెండేళ్ళయింది, ఇప్పటికీ నిద్ర పట్టకపోతే ఆ షాట్ మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ కొట్టుకుంటాను.

ఆట అయిపోయింది, టీ వచ్చింది. పెద్దాయన మాట నిలబెట్టుకున్నాడు, నాలుగో హోల్ నుంచి మొదలెట్టాడు. హెదర్ కాడలు తీగల్లాంటివి, క్లబ్ మెడకి చుట్టుకుంటాయి. దాంతో క్లబ్ మొహం మూసుకుపోతుంది, బంతి ఎడమకి పోతుంది. కాబట్టి బాగా వాలున్న వెడ్జ్ తియ్యి, మొహం కొద్దిగా తెరువు, ఎడమ చేతి పట్టు బిగించు, పైనుంచి నిట్టనిలువుగా దించు. జెండాని మర్చిపో. దగ్గర్లో ఫెయిర్‌వే ఎటుంటే అటు, వెనక్కయినా సరే. అదీ కుదరదనుకుంటే ఒక షాట్ శిక్ష వేసుకుని రెండు క్లబ్బుల దూరంలో బంతి దించుకో. "నువ్వు మొదటి దెబ్బకే ఒప్పుకుని ఉంటే ఆరుతో పోయేది" అన్నాడు. లెక్క వేసి చూశాను, నిజమే. మిగతా మూడూ నా అహానికి కట్టిన వడ్డీ.

గోడల మీద పాత ఫొటోలు చూస్తూ ఆయన ఏబ్ మిచెల్ కథ చెప్పాడు. ఇక్కడ క్లబ్ పక్కనే 1892లో పుట్టిన కాంటెలూప్ అని ఇంకో క్లబ్ ఉంది, ఊళ్ళో కూలీనాలీ చేసుకునేవాళ్ళది. ఇంగ్లండ్‌లో ఇలాంటివి చాలాచోట్ల ఉండేవి. మైదానం పనిలో చెయ్యి వేసేవారు, బదులుగా దొరలు ఆడని వేళల్లో ఆడుకునేవారు. మిచెల్ ఆ క్లబ్ మనిషి. 1912 అమెచ్యూర్ చాంపియన్‌షిప్ ఫైనల్ దాకా వెళ్ళి, జాన్ బాల్ చేతిలో 38వ హోల్ దగ్గర ఓడిపోయాడు. తర్వాత ప్రొఫెషనల్ అయ్యాడు. విత్తనాల వ్యాపారి శామ్యూల్ రైడర్ ఆయన్ని జీతమిచ్చి తన కోచ్‌గా పెట్టుకున్నాడు. రైడర్ కప్ మీద నిలబడి ఉండే ఆ బంగారు బొమ్మ మిచెల్‌దే. బ్రిటిష్ ఓపెన్ మాత్రం ఆయనకి ఎప్పుడూ దక్కలేదు. రైడర్ కప్ పేరు తెలియని గోల్ఫర్ ఉండడు. ఆ బొమ్మ ఏ నేల మీద ఆట నేర్చిందో నాకు ఆ టీ వేళ దాకా తెలియదు.

ఇంగ్లండ్ వెళ్ళే గోల్ఫర్లు నన్ను ఎక్కడికి వెళ్ళమంటావని అడుగుతుంటారు. ససెక్స్ దూరమైతే చెషైర్‌లో డెలమీర్ ఫారెస్ట్ ఉంది, స్టాఫర్డ్‌షైర్‌లో బో డెజర్ట్, డోర్సెట్‌లో బ్రాడ్‌స్టోన్, సర్రేలో హాంక్లీ కామన్. అన్నీ హీత్ మీదివే, అన్నీ పెద్ద పేర్ల నీడలో ఉన్నవే. కానీ ఇది కూడా నేనిస్తున్న జాబితాయే. రెండో ప్రశ్న మీరు అడగాల్సినవాళ్ళు ఆ ఊళ్ళో ఉంటారు.

ఆటతో సంబంధం లేనివాళ్ళు చేసి చూడగలిగింది ఒకటుంది, నేను వచ్చాక మొదలుపెట్టాను. కొత్త చోటికి వెళితే మొదటి అరగంట ఫోన్ జేబులోంచి తీయను. రేటింగులు, ఫొటోలు, ఎవరో రాసిన మాటలు, ఏవీ చదవను. నాకు కనిపించినవి మూడు మనసులో అనుకుంటాను, వాటిలో ఒకటైనా కంటితో కాక చేతితోనో ముక్కుతోనో పట్టుకున్నది అయి ఉండాలి. తర్వాత కావాలంటే లోకం మాట చదువుతాను. రెండూ కలిస్తే సంతోషం. కలవకపోతే ఇంకా సంతోషం. మా ఆవిడకి ఈ పద్ధతి మీద ఒక్కటే ఫిర్యాదు, మొదటి అరగంట ఆకలితో తిరగాల్సి వస్తోందని.

విశాఖ తిరిగొచ్చిన మొదటి ఆదివారం మా క్యాడీతో చెప్పాను: "ఇవాళ్టి నుంచి ముందు నేను చెబుతాను. తర్వాత నువ్వు చెప్పు." అతను సరే సార్ అన్నాడు, నమ్మకం లేని గొంతుతో. మూడో హోల్లో చాలాసేపు చూసి "ఏడు" అన్నాను. "ఆరు సార్. గాలి ఉంది" అన్నాడు. నేను కొబ్బరాకుల వైపు చూశాను. నాకైతే కదలడం లేదు. ఏడే కొట్టాను.

బంతి గ్రీన్‌కి పది గజాల ముందు ఆగిపోయింది. అతనేమీ అనలేదు. బంతి దగ్గరికి నడిచాక అలవాటుగా వెడ్జ్ సగం పైకి లాగి, ఆగి, దాన్ని మళ్ళీ లోపలికి జార్చి, బ్యాగ్‌ని నా వైపు తిప్పాడు.